రెండు సైజుల ముందుచూపు

నాగరికత బట్టతో మొదలైంది. పరిపాలన మాత్రం, ఆ బట్టను ఎవరు ఎంపిక చేయాలన్న ప్రశ్నతో మొదలైంది.

ఈదడం, సైకిలు తొక్కడం, ఉరకడం అనే మూడు పనులను మనిషి ఒకే బట్టతో, మధ్యలో ఆగకుండా చేయగలడని ప్రపంచం ఈమధ్యనే కనిపెట్టి, దానికి ట్రయాథ్లాన్ అని పేరు పెట్టింది. మా కాలువ గట్టు ఊళ్లలో ఇది పాత సంగతి. బర్రె అవతలి గట్టుకు పోతే ఈదుకుంటూ పోయి తోలుకొచ్చేవాళ్లం. అదే తడి లుంగీతో సైకిలెక్కి చొప్పదండికి పాలు చేరవేసేవాళ్లం. దారిలో కుక్కలు వెంటపడితే సైకిలు పడేసి ఉరికేవాళ్లం. ఇది క్రీడ అని మాకు ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే లుంగీని ఎంపిక చేయడానికి ఒక సంఘం వేసేవారు. బర్రె అవతలి గట్టునే ఉండిపోయేది.

మా జిల్లాలో ఆ లోటు రెండేళ్ల కింద తీరింది. 'త్రిక్రీడా పోటీ దుస్తుల ఎంపిక సంఘం' అనే పేరుతో ముగ్గురు సభ్యులను వేస్తూ ఉత్తర్వు వచ్చింది. (ఇలాంటి సంఘం మరే జిల్లాలోనూ లేదని సంఘమే ప్రకటించుకుంది. మిగతా జిల్లాలు ఖండించలేదు.) అధ్యక్షుడు శ్యాంసుందర్ సారు. ఆయన పదకొండేళ్లు హాస్టళ్లకు యూనిఫారాలు కొనే సీట్లో కూర్చున్నారు కాబట్టి బట్ట గురించి ఆయనకు తెలియనిది లేదని ఉత్తర్వులోనే రాశారు. రెండో సభ్యురాలు మమతారాణి మేడం. చెరువు కట్టలు కారుతున్నాయో లేదో చూసే ఇంజనీరు ఆమె. సూటు నీళ్లలో దిగేది కాబట్టి ఆమె అవసరం పడింది. మూడో సభ్యుడిని నేను. కాలువ పక్కన నాకు ఎకరంన్నర పొలం ఉంది. 'జలవనరులతో పరిచయం గల గ్రామీణుడు' అనే గడి ఖాళీగా ఉండకూడదని నన్ను పిలిచారు. పోయి కూర్చున్నాను. సంతకాలు తీసేస్తే, ఆ సంఘంలో నేను చేసిన పని అదే.

సంఘానికి సభ్యులు ముగ్గురు, సూటు వేసుకోవాల్సిన మనిషి ఒక్కతే. పేరు ప్రవళిక. మా ఊరి అంబదాస్ బిడ్డ, నన్ను పెద్దబాపు (పెదనాన్న) అని పిలిచేది. అంబదాస్ వేరేవాళ్ల షెడ్డులో మరమగ్గాలు నడుపుతాడు, మేం వాటిని సాంచాలు అంటాం. ఆమె తల్లి శంకరవ్వ బీడీలు చేస్తుంది. వాళ్ల ఇల్లు కాలువకు ఇవతల, వాళ్ల రెండు బర్రెలు మేసేది అవతల. వంతెన ఎక్కాలంటే రెండు కిలోమీటర్లు పైకి పోవాలి. ఆ పిల్లకు ఎనిమిదేళ్లు వచ్చిన దగ్గర్నుంచి వంతెనతో పని పడలేదు. కాలేజీకి పదకొండు కిలోమీటర్లు సైకిలు మీద పోయేది. సైకిలు పంక్చరైన రోజు ఉరికేది. కాలేజీలో ఆటల టీచరు పద్మలత ఒకనాడు కాలువ గట్టున గడియారం పట్టుకుని నిలబడి, మూడు పనులూ చేయించి, గడియారం పాడైందేమోనని ఇంకోసారి చేయించి, పేరు పైకి పంపింది.

రాష్ట్ర పోటీ ధర్మపురిలో, గోదావరి రేవు దగ్గర, ఫిబ్రవరి నెలాఖరున. మొదటి ముగ్గురికి క్రీడా హాస్టల్లో సీటు, కోచ్, చదువు. ఒక్కటే షరతు, పంతొమ్మిదేళ్లు నిండి ఉండకూడదు. ప్రవళికకు ఏప్రిల్‌లో నిండుతాయి. అంటే ఆమె బతుకులో ఈ పోటీ ఒక్కసారే వస్తుంది. ఆ సంగతి ఆమెకు తెలుసు, ఇంట్లో వాళ్లకు తెలుసు, నాకు తెలుసు. సంఘం నియమావళిలో మాత్రం దానికి గడి లేదు.

నియమావళిలో ఉన్నవి వేరు. నాలుగో నియమం ప్రకారం జిల్లా తరఫున పోయేవారు సంఘం ఎంపిక చేసిన ఏకఖండ సూటు లేనిదే నీళ్లలో కాలు పెట్టకూడదు. ఏడో నియమం ప్రకారం సొంత సూటు తెచ్చుకోకూడదు. (తెచ్చుకుంటే సంఘం ఎందుకు అని ఆ నియమంలోనే అడిగారు. జవాబు రాయడానికి ఖాళీ వదలలేదు.) అంతదాకా ప్రవళిక కాలేజీ టీషర్టు, మోకాళ్ల దాకా కత్తిరించిన పాత లెగ్గింగు వేసుకుని ఈదేది. అది నియమాల ప్రకారం ఈత కిందికి రాదు.

మొదటి సమావేశానికి పట్నంలో ఆట వస్తువులు అమ్మే శ్రీహరి నమూనా తెచ్చాడు. సంచిలోంచి తీసి బల్ల మీద పరిచాడు. నల్లగా, పిడికిట్లో పట్టేంత ఉంది.

"గిదేంది శ్రీహరీ, పిల్లకు తెచ్చినవా, పిల్ల ఆడుకునే బొమ్మకు తెచ్చినవా?" అన్నారు శ్యాంసుందర్ సారు.

"సాగుతది సార్. ఏసుకుంటె ఒంటికి అతుక్కుంటది. కంపెనీవోల్లు ఏమంటరంటె, గిది మనిషికి రెండో తోలు లెక్క."

"జేబులేవి?"

"జేబులుండయి సార్. ఈత కొట్టేటోల్లకు జేబెందుకు?"

"హాల్‌టికెట్ ఏడ పెట్టుకుంటది?"

శ్రీహరి సూటును తిరగేసి చూశాడు. జాగా లేదని నమోదైంది.

మమతారాణి మేడం సూటును కిటికీ వెలుతురుకు పట్టి చూశారు. "దీని నిండ సన్న సన్న రంధ్రాలున్నయి."

"చెమట బయటికి పోనీకె మేడం."

"చెమట బయటికి పోయే తొవ్వల నీళ్లు లోపలికి రావా? కట్టకు గిన్ని రంధ్రాలుంటె నేను కింది ఊరు ఖాళీ చేపిస్త."

"మరి గీడ గీ మెత్త ఎందుకు?" అన్నారు సారు, కూర్చునే చోట వేలు పెట్టి.

"సైకిల్ సీటు ఒరుసుకోకుంట సార్."

"పదకొండేండ్లు వేలమంది పిల్లలకు లాగులు కొన్న. ఒక్క లాగుకు గూడ మెత్త పెట్టలే. ఒక్క పోరడు గూడ మెత్త లేదని సైకిల్ దిగలే."

ఏ వస్తువునైనా మూడు నమూనాలు పోల్చిన తర్వాతనే ఎంపిక చేయాలని ఇంకో నియమం. అలాంటి సూటు పట్నం మొత్తంలో శ్రీహరి దగ్గర తప్ప లేదు. సంఘం వెనుకాడలేదు. రెండో నమూనాగా అటెండరు సిద్దిరాములు రెయిన్‌కోటును, మూడో నమూనాగా మా అల్లుడు దుబాయి నుంచి తెచ్చి మా ఇంట్లో వదిలేసిన కంపెనీ డ్రెస్సును స్వీకరించింది. మెడ నుంచి మడమ దాకా ఒకటే బట్ట, ముందు జిప్పు, ఆరు జేబులు. నేను దాన్ని పొలానికి మందు కొట్టేటప్పుడు వేసుకుంటాను. తులనాత్మక పట్టిక తయారైంది. నీటిని ఆపడంలో రెయిన్‌కోటుకు మొదటి స్థానం వచ్చింది. ఏకఖండంగా ఉండడంలోనూ, జేబుల్లోనూ, మన్నికలోనూ దుబాయి డ్రెస్సుకు మొదటి స్థానం వచ్చింది. అసలు సూటుకు 'తేలిక' అనే ఒక్క గడిలో మార్కులు పడ్డాయి. మొత్తం కూడితే దుబాయి డ్రెస్సే గెలిచింది. దాన్నే ఎంపిక చేసేవారు కూడా. వెనక ఆ కంపెనీ పేరు అరబ్బీలో రాసి ఉండడం వల్ల జిల్లా గౌరవానికి భంగమని ఆగారు. సూటుకు అవకాశం ఆ విధంగా దొరికింది.

తర్వాత పరీక్ష. ఎంపిక కాని సూటును పోటీదారు తొడుక్కోకూడదు, పరీక్ష జరగని సూటును ఎంపిక చేయకూడదు. ఈ చిక్కును సంఘం చాలా సులువుగా విప్పింది. సూటును ఒక్కదాన్నే పోటీకి పెట్టింది. మా పొలం దగ్గర కాలువలో రాయి కట్టి పొద్దంతా ముంచారు, ఈత అయింది. సిద్దిరాములు సైకిలు క్యారియర్ మీద తాడుతో కట్టి ఇరవై కిలోమీటర్లు తిప్పారు, సైకిలు అయింది. అదే సిద్దిరాములు సూటును భుజాన వేసుకుని ఐదు కిలోమీటర్లు ఉరికాడు. ఆయనకు యాభై నాలుగేళ్లు, ఎడమ మోకాలు నొప్పి. మధ్యలో రెండు చోట్ల చాయ్ తాగాడు. సూటు తాగలేదు కాబట్టి ఆ సమయాన్ని లెక్కలోంచి తీసేశారు.

"సూటుకేం కాలే సార్," అన్నాడు సిద్దిరాములు, గోడకు ఆనుకుని కాలు చాపుకుంటూ. "నేనే ఆగమైన."

సూటు ఉత్తీర్ణత పొందినట్లు రాశారు. మొదటి సంతకం సారుది, రెండోది మేడంది. మూడోది నాది.

ఇక కొలతలు మిగిలాయి. జనవరి ఆఖరు వారం. ప్రవళిక తల్లిదండ్రులతో కలిసి ఆఫీసుకు వచ్చింది. శ్రీహరి టేపుతో ఛాతీ, నడుము, తొడ, ఎత్తు కొలిచి, కంపెనీ పట్టికలో వేలు పెట్టి, "అన్నిటికన్న చిన్న సైజు సార్. కరెక్ట్‌గ సరిపోతది," అన్నాడు.

శ్యాంసుందర్ సారు కళ్లద్దాలు తీశారు. పదకొండేళ్ల అనుభవం మాట్లాడబోయే ముందు ఆయన కళ్లద్దాలు తీస్తారు.

"కరెక్ట్ సైజు ఎవలన్న కొంటరా? ఎదిగే పిల్ల. రెండు సైజులు పెద్దది రాయి."

"సార్, గిది ఒంటికి అతుక్కోవాలె," అంది ప్రవళిక.

"అతుక్కుంటది బిడ్డా. రెండేండ్లకు."

"నాకు పద్దెనిమిది దాటినయి సార్. ఇగ ఏం ఎదుగుత?"

"హాస్టల్ల పిల్లలందరు గిదే మాట. ఆర్నెల్లు తిరగకముందే లాగులు మోకాళ్ల మీదికొచ్చినయి. ఏమన్నవ్ శ్రీహరీ, రెండో తోలా? మనిషి తోలు మనిషితోని ఎదుగుతది. గీ తోలు ఎదుగుతదా? ఎదగది. మరి పెద్దది కొనాల్నా, వద్దా?"

ఇది విన్న తర్వాత శ్రీహరి పట్టిక మడిచి సంచిలో పెట్టుకున్నాడు.

అంబదాస్ అప్పటిదాకా గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నాడు. లోపలికి వచ్చి, నమూనా సూటు అంచును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి, కళ్లు మూసుకుని రెండుసార్లు రుద్దాడు. అతను బట్టను అలాగే చూస్తాడు.

"సార్, ముప్పయేండ్ల సంది సాంచాల మీదున్న. గీ బట్టది బిగువు మీదనే పని. బిగువుంటె నీళ్లు మీది నుంచి జారిపోతయి. లూజైతె గిది బట్ట కాదు సార్, నీళ్లు పట్టే సంచి."

"అంబదాసూ, నువ్వు నేసేది చీరె. చీరెకు సైజుంటదా?"

"ఉండది సార్."

"మరి సైజు సంగతి మాకిడువు."

శంకరవ్వ భర్త చెయ్యి పట్టి వెనక్కి లాగింది. "సారు చెప్పిందాంట్ల తప్పేమున్నది? గంత మంచి బట్ట ఒక్కనాడు ఏసి పారేస్తమా? జర పెద్దగుంటె ఇంకో రెండేండ్లు అక్కరకొస్తది."

"అవ్వా, గది పెండ్లిలకు ఏసుకునేది కాదే!" అంది ప్రవళిక.

"నువ్వూకో. పెద్దోల్లు మాట్లాడుతుండ్రు."

ఇక్కడ శంకరవ్వను తప్పు పట్టేవాళ్లు మా జిల్లా వాళ్లు కారు. మేం పిల్లలకు బట్టలు కొనేది ఇప్పటి పిల్లకు కాదు, రెండేళ్ల తర్వాత రాబోయే పిల్లకు. ఆ పిల్ల వచ్చేదాకా ఈ పిల్ల మోస్తుంది. నా చిన్నప్పుడు నాకు సరిపోయిన అంగీ ఒక్కటి కూడా లేదు. సరిపోయేనాటికి మోచేతుల దగ్గర చినిగేది. నా పిల్లలకు నేనూ అలాగే కొన్నాను. దాన్ని ముందుచూపు అనుకున్నాను.

సారు నా వైపు తిరిగారు. "ఏమంటవ్ భూమన్నా? నువ్వు కాలువ మనిషివి."

నాకు ఈత వచ్చు. లూజు అంగీతో కాలువలో దిగితే ఏమవుతుందో తెలుసు. అంగీ విప్పి దిగాలని మా ఊళ్లో ఆరేళ్ల పిల్లలకు కూడా తెలుసు. ప్రవళిక నా మొహం చూస్తోంది.

"మీరు చూసిండ్రు కద సార్," అన్నాను.

సంఘం దాన్ని ఏకగ్రీవం అని రాసుకుంది. మూడో సంతకం నాది.

సూటు పోటీకి మూడు రోజుల ముందు వచ్చింది. వచ్చినదాన్ని వచ్చినట్టు ఇవ్వడానికి వీల్లేదు కాబట్టి, ఎవరూ మార్చకుండా, మారకుండా రెండు చంకల కింద కుట్టు మీద సంఘం లక్క ముద్ర వేసింది. ముద్ర పగిలితే సూటు చెల్లదు. అందజేసేటప్పుడు ఒక కాగితం కూడా ఇచ్చారు. పోటీకి ముందు సూటును తడపరాదు, చింపరాదు, కుట్టరాదు, అనవసరంగా తొడగరాదు.

శంకరవ్వ కొత్త బట్టకు చేయవలసింది చేసింది. మెడ దగ్గర లోపలి అంచుకు ఇంత పసుపు రాసి, దేవుడి పటం ముందు పెట్టి, అప్పుడు బిడ్డ చేతికిచ్చింది. (నియమావళిలో పసుపు గురించి ఏమీ లేదు. తర్వాతి కూర్పులో చేర్చారు.) ప్రవళిక తొడుక్కుని వాకిట్లోకి వచ్చింది. జబ్బల దగ్గర గబ్బిలం రెక్కల్లా వేలాడుతోంది. తొడల దగ్గర పట్టు ఉండాల్సిన రబ్బరు అంచు చుట్టూ తిరుగుతోంది. వీపు మధ్యలో ఒక పిల్లి పడుకునేంత జాగా ఉంది.

"సక్కగనే ఉన్నది. గాలాడుతది," అంది శంకరవ్వ. అంది గానీ, బీడీల చాట ముందు కూర్చుని మళ్లీ తలెత్తలేదు.

అంబదాస్ సూదీదారం తీసుకున్నాడు. సూటును తిరగేసి లక్క ముద్రలు చూసి, సూదిని మళ్లీ దారం ఉండకు గుచ్చాడు. సారుకు ఫోన్ చేశాడు.

"రెండు దిక్కుల రెండు కుట్లు ఏస్త సార్. పోటీ కాంగనే ఇప్పేస్త. బట్టకు సూది మచ్చ గూడ పడనియ్య."

"ఫికర్ చెయ్యకు అంబదాసూ. దరఖాస్తు పెట్టుకో. సంఘం కూసుంటది."

"ఎప్పుడు కూసుంటది సార్?"

"మార్చి రెండో వారం."

పోటీ ఎల్లుండి.

ధర్మపురి రేవు మెట్ల మీద సంఘానికి షామియానా వేశారు. సూటు పనితీరును ప్రత్యక్షంగా చూసి నివేదిక ఇవ్వడం మా బాధ్యత. నివేదిక ఫారంలో ప్రశ్నలు ఉన్నాయి. రంగు వదిలిందా, కుట్లు విడిచాయా, జిప్పు ఇరుక్కుందా, ముద్రలు పగిలాయా. పక్కనే నదిలో మునిగి, గుండ్లు చేయించుకుని, దర్శనానికి పోయే జనం. వేరే జిల్లాల పిల్లలు వచ్చి నిలబడ్డారు. వాళ్లకు సంఘాలు లేవు. ఎవరి సూటు వాళ్లే కొనుక్కున్నారు, కాబట్టి సరిపోయాయి.

తడి చీరతో ఒక ముసలవ్వ నా పక్క మెట్టు మీద ఆగింది. "గీ పిల్లలకేం మొక్కు కొడుకా?"

"మొక్కు కాదవ్వా. ఆట. ఈత కొట్టి, సైకిల్ తొక్కి, ఉరుకుతరు."

"మూడూనా? ఒక్కనాడేనా?"

"ఒక్కనాడే."

"ఆటైతె ఎవ్వరు నవ్వరేంది?" అని, కొంగు పిండుకుంటూ పోయింది.

ఈల ఊదారు. ప్రవళిక అందరికంటే ముందు నీళ్లలో పడింది. మొదటి యాభై బారలు ముందే ఉంది. తర్వాత సూటు నీళ్లు తాగడం మొదలుపెట్టింది. మెడ దగ్గర లోపలికి పోయిన నీళ్లు వీపున చేరాయి. పైనుంచి చూస్తే పిల్ల వెనక ఇంకో పిల్ల ఎక్కి కూర్చున్నట్టు ఉంది. ఒక్కో చెయ్యి ఎత్తినప్పుడల్లా రెక్క సగం నది నీళ్లను లేపి మళ్లీ నదికే ఇస్తోంది. అయినా ఆగలేదు. బర్రె తోక పట్టుకుని కాలువ దాటిన పిల్ల. ఏడు వందల యాభై మీటర్లు ఆ మూటను ఈడ్చుకుంటూ వచ్చి, ఎనిమిదో మనిషిగా రేవు ఎక్కింది.

"ముద్రలు పగల్లే," అన్నారు సారు దుర్భిణి దించి. నమోదైంది.

సైకిలు దగ్గర ఆమె ఆగాల్సి వచ్చింది. సూటు నిండా నీళ్లతో సైకిలెక్కితే సీటు మీద నిలవదు. వంగి, కుడి కాలు రబ్బరు అంచు వేలితో ఎత్తి నీళ్లు వదిలింది. తర్వాత ఎడమ కాలు. తర్వాత మెడ లాగి వీపు నీళ్లు వంపింది. గోదావరి నీళ్లు గోదావరికే పోయాయి. నేను గడియారం చూశాను. నలభై నాలుగు సెకన్లు.

"నీరు నిలువ సామర్థ్యం బాగున్నది," అన్నారు మమతారాణి మేడం. ఆమె నిజంగానే ఆశ్చర్యపోయారు. "గన్ని రంధ్రాలుండి గూడ."

సైకిలు మీద నలుగురిని దాటింది. సూటు గాలికి పొంగి తెరచాపలా వెనక్కి గుంజుతుంటే కూడా దాటింది. పరుగులో మూడో పిల్ల వీపు కనిపించేంత దగ్గరికి వచ్చింది. అంబదాస్ తాడు అవతల నిలబడి తన అంగీ అంచును రెండు వేళ్ల మధ్య రుద్దుకుంటున్నాడు. శంకరవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది. మూడో పిల్ల గీత దాటింది. ఆ తర్వాత ముప్పై ఒక్క సెకన్లకు ప్రవళిక దాటింది.

రంగు వదల్లేదు. కుట్లు విడవలేదు. జిప్పు ఇరుక్కోలేదు. ముద్రలు పగల్లేదు. సూటు అన్ని గడుల్లోనూ ఉత్తీర్ణత పొందింది. నాలుగో స్థానానికి ఫారంలో గడి లేదు కాబట్టి ఏమీ రాయలేదు. మూడో సంతకం నాది.

సంతకం పెట్టి మెట్లు దిగాను. పిల్ల కింద మెట్టు మీద కూర్చుని చంకలు చూసుకుంటోంది. లక్క గీరుకుని రెండు పక్కలా తోలు లేచింది. మెడ మీద పసుపు ఇంకా కొంచెం మిగిలి ఉంది. నా భుజం మీది తువ్వాల ఇచ్చాను. తీసుకుంది.

"పెద్దబాపూ," అంది తుడుచుకుంటూ, "నీకెరుకే కదా?"

నేను నది వైపు చూశాను. నదిలో చూడాల్సింది ఏమీ లేదు.

సాయంత్రంలోగా సూటును ఆరబెట్టి ఆఫీసుకు అప్పగించాలని కాగితంలో ఉంది. అప్పగించారు. ప్రభుత్వ ఆస్తి కాబట్టి బీరువాలో, కలరా ఉండలు వేసి, దాచారు. మార్చి రెండో వారంలో సంఘం కూర్చుని అంబదాస్ దరఖాస్తును పరిశీలించి, పోటీ అయిపోయినందున కుట్లు అవసరం లేదని తిరస్కరించింది.

దీంతో అయిపోయిందని అనుకున్నవాళ్లకు ఆఫీసుల సంగతి తెలియదు. ఎంపిక చేసిన దుస్తులు పోటీదారుకు సరిపోయినట్లు 'సరిపోలిక ధ్రువీకరణ' ఉంటే తప్ప ఫైలు మూయడానికి వీల్లేదు. ఆ రోజు సరిపోలేదని రాస్తే కొలత తప్పని ఒప్పుకున్నట్టు. సరిపోయిందని రాయడానికి సారుకు మనసొప్పలేదు, ఆయన అబద్ధం రాసే మనిషి కాదు. ఫైలు తెరిచే ఉంచారు. పిల్ల ఎదిగేదాకా ఆగుదామన్నారు.

పోయిన నెల కబురు పంపారు.

ప్రవళిక ఇప్పుడు పట్నంలో పిల్లల బట్టల దుకాణంలో బిల్లులు రాస్తుంది. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఎనిమిదిన్నర దాకా అదే కుర్చీ. బస్సులో పోతుంది, బస్సులో వస్తుంది. బర్రెలను అమ్మేశారు, కాలువ దాటే పని లేదు. రెండేళ్లలో కొంచెం ఒళ్లు వచ్చింది. మధ్యాహ్నం అన్నం తినే వేళలో, దుకాణం ఐడీ కార్డు మెడలోనే ఉండగా, ఆఫీసుకు వచ్చింది. నాకు నమస్తే పెట్టింది. పెద్దబాపూ అనలేదు.

"దుకాణం మంచిగ నడుస్తుందా బిడ్డా?" అన్నారు సారు.

"నడుస్తుంది సార్. అందరు రెండు సైజులు పెద్దయే అడుగుతరు."

"చూసినవా!" అన్నారు సారు నాతో.

మేడం గది చూపించారు. సూటు తొడుక్కుని వచ్చింది. రెక్కలు లేవు. వీపున పిల్లి జాగా లేదు. తొడల దగ్గర రబ్బరు అంచు పట్టుకుని నిలిచింది. మమతారాణి మేడం చుట్టూ తిరిగి, మెడ దగ్గర వేలు పెట్టి చూసి, "చుక్క నీరు పోదు," అన్నారు. సిద్దిరాములు కూడా మోకాలు పట్టుకుని వచ్చి చూశాడు. ఆ ఆఫీసులో అందరి మొహాల్లో అంత సంతోషం నేను అంతకుముందు చూడలేదు. సారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

"నేనేమన్న? రెండేండ్లు అన్ననా, లేదా? అంబదాస్‌కు చెప్పు బిడ్డా."

"చెప్త సార్."

ముందు నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి ఫొటోలు తీశారు. 'సరిపోలిక: సంపూర్ణం' అని రాశారు. వయసు గడి దగ్గర సారు కాసేపు ఆగి, అది బట్టకు సంబంధించింది కాదని గీత పెట్టారు.

ప్రవళిక అద్దం లేని ఆ ఆఫీసులో, ఫ్యాను కింద, రెండు చేతులూ కొంచెం ఎడంగా పెట్టి నిలబడి ఉంది. నీళ్లలోకి దూకే ముందు అలాగే నిలబడేది.

"సార్," అంది, "ఇప్పుడు దీన్ని ఏసుకొని ఏం చెయ్యాలె?"

"ఏం చెయ్యద్దు బిడ్డా. ఇప్పి ఇయ్యి," అన్నారు సారు. "ఎక్కువసేపుంటె సాగుతది."

విప్పి, మడిచి ఇచ్చింది. అన్నం వేళ అయిపోయిందని గబగబా మెట్లు దిగి పోయింది. ఉరకలేదు, బస్టాండు దగ్గరే.

సంఘం ఆనాడే ఇంకో తీర్మానం చేసింది. ఈ కొలత పద్ధతి విజయవంతమైనందున ఇకముందు జిల్లా పోటీదారులందరికీ ఇదే వర్తిస్తుంది. ఈ ఏడు ముగ్గురు పిల్లలు ఎంపికయ్యారు. ముగ్గురూ ఎదిగే పిల్లలే. పోటీ వచ్చే నెల. సూట్లకు ఆర్డరు పోయింది.

దాని కింద మూడు సంతకాలు ఉన్నాయి. మూడోది నాది.